కారుకు ఎనిమిది గేర్లు, పడవకు ఒక్కటే ఎందుకు? టూ-స్పీడ్ గేర్‌బాక్స్ నిజంగా ఏం చేస్తుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అట్లాంటా పక్కన లేక్ లేనియర్‌లో మీ 23 అడుగుల బౌరైడర్ (ముక్కు భాగంలోనూ సీట్లుండే పడవ), వెనక బయట బిగించిన 250 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ ఇంజన్, గేర్ నిష్పత్తి 1.85 (అంటే ఇంజన్ 1.85 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది), ప్రొపెల్లర్ 19 పిచ్, మూడు రెక్కల స్టీల్‌ది. మీరిద్దరే వెళ్తే ఇంజన్ 5800 ఆర్‌పీఎం తిరిగి పడవ గంటకు 50 మైళ్లు అందుకుంటోంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి, పిల్లలతో కలిపి తొమ్మిది మంది ఎక్కిన రోజు మాత్రం ముక్కు పైకి లేచి పన్నెండు సెకన్ల దాకా దిగడం లేదు. ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా 5200 దాటడం లేదు. అవుట్‌బోర్డ్‌లు చేసే మెర్క్యురీ వాళ్ల టూ-స్పీడ్, అంటే రెండు గేర్ల, గేర్‌బాక్స్ గురించి విన్నారు. అలాంటిది మీ ఇంజన్‌కు పెట్టించవచ్చా, పెట్టిస్తే పడవ తొందరగా లేవడంతో పాటు క్రూజింగ్‌లో పెట్రోల్ కూడా మిగులుతుందా అని అడిగారు.

ముందు మీకు పనికొచ్చే మాట చెప్పేస్తాను. మీ ఇంజన్‌కు రెండో గేరు తగిలించడం కుదరదు. మీ ఇబ్బందికి మందు ప్రొపెల్లర్‌లో ఉంది, దానికయ్యే ఖర్చు కూడా భరించగలిగిందే. అయితే రెండు గేర్లు ఏం చేస్తాయో అర్థమైతే తప్ప ఏ ప్రొపెల్లర్ కొనాలో సరిగ్గా తేల్చుకోలేరు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నేను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ ఇంజన్ల దగ్గర హెల్పర్‌గా మొదలుపెట్టి, తర్వాత షార్జాలో పడవల వర్క్‌షాప్‌లో పనిచేసి, ఇప్పుడు ఫ్లోరిడాలో అవుట్‌బోర్డ్‌లు రిపేర్ చేస్తున్నాను. ఈ గేర్ల సంగతి మూడు చోట్లా మూడు రకాలుగా ఎదురైంది.

కారు గురించి మనకున్న అలవాటే ఇక్కడ మొదట దారి తప్పిస్తుంది. కారు చక్రం రోడ్డును పట్టుకుని ఉంటుంది. వేగం సున్నా అయితే చక్రమూ తిరగదు. ఇంజనేమో కనీసం ఏడెనిమిది వందల ఆర్‌పీఎం లేకుండా బతకదు. అందుకని క్లచ్ కావాలి, గేర్లు కావాలి. ప్రొపెల్లర్ నీళ్లను అలా పట్టుకుని ఉండదు, జారుతుంది. పడవ కదలకుండా తాడుతో కట్టి ఉన్నా ప్రొపెల్లర్ హాయిగా తిరుగుతుంది. అంటే ఆ జారుడే పడవకు క్లచ్. ఆటోమేటిక్ కార్లో టార్క్ కన్వర్టర్ చేసే పనిలో సగం నీళ్లే చేసేస్తున్నాయి. వందేళ్లకు పైగా పడవలు ఒక్క గేరుతో బండి లాక్కొచ్చాయంటే కారణం ఇదే.

మరి ఇబ్బంది ఎక్కడ వస్తుంది? ఒకే ఒక్క చోట. దాన్ని ఇక్కడ హంప్ అంటారు, నేను గట్టు అంటాను.

పడవ నెమ్మదిగా పోతున్నప్పుడు నీళ్లను పక్కకు తోసుకుంటూ పోతుంది. అప్పుడు ముందొక అల, వెనకొక అల పుడతాయి. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు అలల మధ్య దూరం పెరుగుతుంది. అది పడవ పొడవుతో సమానమయ్యే వేగానికి ఒక పాత సూత్రం ఉంది. నీటి గీత దగ్గర పడవ పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. మీ పడవకు ఆ పొడవు 22 అడుగులు అనుకుందాం. 6.3 నాట్లు, అంటే గంటకు సుమారు 7 మైళ్లు. అది దాటాక వెనక అల ఇంకా వెనక్కి జరుగుతుంది, పడవ వెనక భాగం ఆ పల్లంలోకి కూరుకుపోతుంది, ముక్కు పైకి లేస్తుంది. మన మత్స్యకారులు పడవ ముందు భాగాన్ని అణియం అనీ, వెనక భాగాన్ని అమరం అనీ అంటారు. అమరం దిగి అణియం లేచిన ఆ స్థితిలో పడవ తాను పుట్టించిన అలను తానే ఎక్కుతోందన్నమాట. మీ పడవకు గట్టు శిఖరం దాదాపు 11 మైళ్ల దగ్గర వస్తుంది. 15, 16 మైళ్లకు వచ్చేసరికి పడవ అడుగు నీళ్ల మీద జారడం మొదలై ముక్కు దిగుతుంది. దాన్నే ప్లేన్ అవడం అంటారు. ఈ 7కీ 16కీ మధ్య ఉన్న కాస్త దారిలోనే మీ పన్నెండు సెకన్లూ పోతున్నాయి.

ఇప్పుడు అదే సమయంలో ప్రొపెల్లర్ ఏం చేస్తోందో చూడండి. 19 పిచ్ అంటే చెక్కలో స్క్రూ దిగినట్టు ఏమీ జారకుండా తిరిగితే ఒక్క చుట్టుకు 19 అంగుళాలు ముందుకు పోతుందని. గంటకు మైళ్లలో వేగం కావాలంటే ఇంజన్ ఆర్‌పీఎంను గేర్ నిష్పత్తితో భాగించి, పిచ్‌తో గుణించి, 1056తో భాగించండి. గట్టు దగ్గర మీ ఇంజన్ ఏ 3300 దగ్గరో ఆగిపోయి ఉంటుంది. ఈ సారి వెళ్లినప్పుడు మీటర్ గమనించండి. 3300ను 1.85తో భాగిస్తే 1784. దాన్ని 19తో గుణించి 1056తో భాగిస్తే 32 మైళ్లు. ప్రొపెల్లర్ 32 మైళ్ల వేగానికి సరిపడా తిరుగుతోంది, పడవ 11 మైళ్లలో ఉంది. మూడింట రెండు వంతులు జారుడే.

ఇంత జారుతున్నప్పుడు రెక్కలు నీళ్లను పదునుగా కోయవు, వెడల్పుగా తోస్తాయి. అలా తోయడానికి చాలా టార్క్ కావాలి. అందుకే ఇంజన్ 3300 దగ్గర బరువు మోస్తూ నిలబడిపోతుంది. మీ 250 హెచ్‌పీ 5500 పైన ఉన్న సంగతి. 3300 దగ్గర అందులో సగానికి కాస్త ఎక్కువే చేతికొస్తుంది. మీరు డబ్బు పెట్టి కొన్న శక్తి అంతా గట్టు అవతల ఒడ్డున ఉంది, దాన్ని అందుకోవాలంటే ముందు గట్టు దాటాలి. మొదటి గేరు పని అదొక్కటే: గట్టు దగ్గర ఇంజన్‌ను ఊపిరి పీల్చుకోనివ్వడం.

దీని వల్ల ఎంత లాభం ఉంటుందో లెక్క కడదాం, ఎందుకంటే అసలు విషయమంతా ఈ లెక్కలోనే ఉంది. మెర్క్యురీ 2021లో తెచ్చిన 600 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ వెరాడో 600లో మొదటి గేరు 2.97, రెండోది 2.50. తేడా 19 శాతం. అదే తేడాను మీ ఇంజన్‌లో ఊహించుకుందాం. ఇప్పుడున్న 1.85 రెండో గేరు అనుకోండి, దాని కింద 2.20తో ఒక మొదటి గేరు పెట్టాం. మధ్య ఆర్‌పీఎంలో ఇంజన్ టార్క్ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు చేరే టార్క్ 19 శాతం పెరుగుతుంది. పడవ వేగం మారకుండా ఉన్నంతసేపు ప్రొపెల్లర్ తోపుడు ఇంచుమించు టార్క్‌తో పాటే పెరుగుతుంది. అంటే తోపుడు కూడా 19 శాతం ఎక్కువ. ఇంజన్ 3300 నుంచి 4200 పైకి వెళ్లిపోతుంది.

19 శాతమేగా అనిపిస్తుంది. కానీ పడవను ముందుకు ఉరికించేది మొత్తం తోపుడు కాదు, నీటి అడ్డును ఓడించాక మిగిలిన తోపుడు. గట్టు మీద మీ తోపుడు 100 అనుకుంటే, తొమ్మిది మందితో అడ్డు 80 ఉందనుకోండి. మిగిలేది 20. ఆ 20తోనే పడవ వేగం పెంచుకోవాలి. తోపుడు 119 అయితే మిగిలేది 39. దాదాపు రెట్టింపు! అందుకే టూ-స్పీడ్ ఉన్న పడవ నడిపినవాళ్లు గేరు తేడా చిన్నదే అయినా ఏదో పెద్ద ఇంజన్ పెట్టినట్టుందని చెబుతారు. ఇదే లెక్క తిరగేసి చూస్తే భయం కూడా కలుగుతుంది. ఇంకో ఇద్దరు ఎక్కి, ఐస్ డబ్బాలూ సామానూ కలిసి అడ్డు 95కు చేరితే మిగిలేది 5. అప్పుడు పన్నెండు సెకన్లు కాస్తా అరనిమిషం అవుతుంది, లేదా పడవ అసలు లేవదు. బరువు కొంచెమే పెరిగినా పడవ ఒక్కసారిగా మొరాయించినట్టు ఉండటానికి కారణం ఇదే.

ఒక షరతు మాత్రం ఉంది. ఆ అదనపు టార్క్‌ను నీళ్లలోకి దింపగలిగేంత రెక్క విస్తీర్ణం ప్రొపెల్లర్‌కు ఉండాలి. లేకపోతే రెక్కలు పైనుంచి గాలిని లాక్కుని వట్టినే గిర్రున తిరుగుతాయి. వెరాడో 600లో ఎదురెదురుగా తిరిగే జంట ప్రొపెల్లర్లు పెట్టడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం. గేరు ఒక్కటీ మార్చి పాత ప్రొపెల్లర్‌నే ఉంచితే సగం లాభం నురుగైపోతుంది.

రెండు గేర్లు ఇంత మేలైతే మూడు, నాలుగు ఎందుకు పెట్టరని మీకు సందేహం రావచ్చు. ప్లేనింగ్ పడవకు జీవితంలో రెండే దశలు. గట్టు ఎక్కడం ఒకటి, ఎక్కాక జారడం ఒకటి. ప్లేన్ అయ్యాక జారుడు తగ్గిపోయి పది, పదిహేను శాతానికి వస్తుంది. ఇక అక్కడి నుంచి ఇంజన్ ఆర్‌పీఎం, పడవ వేగం కలిసి నడుస్తాయి. మధ్యలో ఇంకో గేరుకు పెద్దగా పని ఉండదు. కారులో ఎనిమిది గేర్లు ఉండేది ట్రాఫిక్, హైవే, ఘాట్ రోడ్డు అన్నీ ఒకే ఇంజన్ చూసుకోవాలి కాబట్టి. పడవకు ఘాట్ రోడ్డు ఒక్కటే, అది ప్రతిసారీ ఒకే వేగం దగ్గర వస్తుంది.

గేరు మార్చడం అనే పని నీళ్ల మీద ఎంత కష్టమో కూడా చెప్పాలి. కారులో క్లచ్ తొక్కి గేరు మార్చే ఆ క్షణంలో బండి తన ఊపుతో పోతూనే ఉంటుంది. పడవ అలా పోదు. తోపుడు ఆగిన మరుక్షణం నీళ్లు పట్టి వెనక్కి లాగుతాయి. గట్టు అంచున ఉన్నప్పుడు ఒక్క సెకను తోపుడు తెగితే పడవ మళ్లీ గోతిలోకి జారిపోతుంది. కాబట్టి ఒక క్లచ్ వదులుతుండగానే రెండోది పట్టుకోవాలి, తోపుడు తెగకూడదు. ఇందుకు ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే మల్టీప్లేట్ క్లచ్‌లు, వాటిని నడిపే కంప్యూటర్ కావాలి. మామూలు అవుట్‌బోర్డ్‌లో ఉండేది డాగ్ క్లచ్. పళ్లున్న ఒక ముక్క ముందు గేరులోనో రివర్స్‌లోనో టక్కున ఇరుక్కుంటుంది. అది ఐడిల్‌లో మార్చుకోవడానికి చేసింది, ఫుల్ థ్రాటిల్‌లో మార్చడానికి కాదు. మీ లోయర్ యూనిట్‌లో రెండో గేరుకు చోటూ లేదు, ఆ క్లచ్‌లకు ఆయిల్ పంపూ లేదు. పైగా లోయర్ యూనిట్ నీళ్లలో మునిగి ఉండే భాగం, కాస్త లావైనా నీటి అడ్డు పెరిగిపోతుంది. అందుకే పెట్టించడం కుదరదని అంత గట్టిగా చెప్పాను.

కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌నే పడవ లోపల ఉండే ఇన్‌బోర్డ్ ఇంజన్ వెనక పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. షార్జాలో ఉన్నప్పుడు నేను పనిచేసిన వర్క్‌షాప్‌లో ఒకాయన పట్టుబట్టి అదే చేయించుకున్నాడు. మొదటి వారం పడవ అద్భుతంగా లేచింది, మేమూ సంతోషించాం. నెల తిరగకుండా గేర్‌బాక్స్ ఆయిల్ మాడిన వాసనతో బయటికొచ్చింది. విప్పి చూస్తే క్లచ్ ప్లేట్లు నల్లబొగ్గు అయిపోయి ఉన్నాయి. హైవే మీద కారు తన శక్తిలో ఐదో వంతు వాడుకుంటూ పోతుంది. పడవకు క్రూజింగ్ అంటే సగం నుంచి మూడింట రెండు వంతుల శక్తి, అదీ గంటల తరబడి, విరామం లేకుండా. అంటే కారు రోజంతా తిరుమల కొండ ఎక్కుతూనే ఉన్నట్టు. ఆ వేడిని తట్టుకునే క్లచ్‌లు, కూలర్ వేరే ఉంటాయి. ఆ రోజు ఆయన్ను ముందే ఆపనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నడి సముద్రంలో గేర్‌బాక్స్ పోతే రోడ్డు పక్కన బండి ఆపుకున్నట్టు ఉండదు.

ఇక క్రూజింగ్ సంగతి. చాలామంది టూ-స్పీడ్ అంటే స్టార్టింగ్ ఊపు కోసమే అనుకుంటారు. నా దృష్టిలో రెండో సగం అంతకన్నా విలువైనది. మీరు ఒక్క గేరుతో బరువుకు తగ్గ చిన్న పిచ్ ప్రొపెల్లర్ వేసుకున్నారనుకోండి, గట్టు సులువుగా దాటుతారు. కానీ ఆ తర్వాత రోజంతా ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎంలో మోగుతూ ఉంటుంది. జారుడు 15 శాతం వేసుకుని 30 మైళ్ల వేగానికి లెక్క కడితే, 19 పిచ్‌తో ఇంజన్ 3600 చిల్లర తిరుగుతుంది. 17 పిచ్‌తో 4050 దాటుతుంది. టూ-స్పీడ్ ఉంటే మొదటి గేరులో మీ 19 ప్రొపెల్లర్ 16 పిచ్‌లా నడుచుకుంటుంది, రెండో గేరులోకి రాగానే మళ్లీ 19 అయిపోతుంది. ఒకే ప్రొపెల్లర్, రెండు స్వభావాలు. అంతకు మించి దాంట్లో మాయ ఏమీ లేదు.

ఆ నాలుగు వందల పైచిలుకు ఆర్‌పీఎం తగ్గితే చప్పుడు బాగా తగ్గుతుంది. మాట్లాడుకోవడానికి అరవక్కర్లేదు, సాయంత్రానికి తలనొప్పి ఉండదు. పెట్రోల్ మాత్రం మీరనుకున్నంత మిగలదు. 30 మైళ్ల దగ్గర పడవ అడుగుకు కావాల్సిన శక్తి గేరు మారినా మారదు. మిగిలేదల్లా ఇంజన్ తన లోపలి రాపిడికీ, సగం మూసిన థ్రాటిల్ గుండా గాలి లాక్కోవడానికీ వృథా చేసే భాగంలో కొంత. అది కొద్ది శాతమే. అలాగని రెండో గేరు నిష్పత్తి మరీ తగ్గించినా ముప్పే. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ బరువు మోయిస్తే పెట్రోల్ ఇంజన్ నాక్ చేస్తుంది, డీజిల్ అయితే పొగ వదిలి లోపల వేడెక్కిపోతుంది. నాలుగో గేరులో ఎత్తు ఎక్కించినప్పుడు కారు దడదడలాడడం మీకు తెలిసే ఉంటుంది.

టూ-స్పీడ్ అవసరం అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది టర్బో డీజిల్ పడవల్లో. టర్బోకు గాలి తోయాలంటే ముందు ఎగ్జాస్ట్ ఊపందుకోవాలి, ఎగ్జాస్ట్ ఊపందుకోవాలంటే ఇంజన్ ఆర్‌పీఎం ఎక్కాలి, గట్టు దగ్గర ప్రొపెల్లర్ ఆర్‌పీఎంను ఎక్కనివ్వదు. ఈ చిక్కుముడిని వోల్వో పెంటా వాళ్లు గేర్లతో పని లేకుండా విప్పారు. వాళ్ల కేఏడీ సిరీస్ డీజిళ్లలో బెల్ట్‌తో నడిచే కంప్రెసర్ కూడా పెట్టారు. కింది ఆర్‌పీఎంలో గాలి అది తోస్తుంది, పైకి వెళ్లాక అది తప్పుకుని టర్బో ఒక్కటే చూసుకుంటుంది. 1982లో వాళ్లు తెచ్చిన డ్యూయోప్రాప్ కూడా కొంతవరకు ఇదే బాధకు మందు, రెండు ప్రొపెల్లర్ల రెక్క విస్తీర్ణం గట్టు దగ్గర నీళ్లను బాగా పట్టుకుంటుంది. జడ్‌ఎఫ్ లాంటి గేర్‌బాక్స్ కంపెనీలేమో ఇన్‌బోర్డ్ డీజిళ్లకు టూ-స్పీడ్ దారి పట్టాయి. సర్ఫేస్ డ్రైవ్ పడవలకు టూ-స్పీడ్ ఇంకా ఎక్కువ ఉపయోగం. వాటి ప్రొపెల్లర్ పడవ వేగంగా పోయేటప్పుడు సగం మాత్రమే నీళ్లలో ఉండేలా చేసింది, బయల్దేరేటప్పుడు మొత్తం మునిగిపోయి ఇంజన్‌ను పీక నొక్కినట్టు నొక్కేస్తుంది.

ఇదంతా వేగపు పడవల గోలే కాదు. నేను ఈ పాఠం మొదట నేర్చుకున్నది విశాఖలో, ఎనిమిది నాట్లు మించని ట్రాలర్ మీద. వల లాగేటప్పుడు బోటు రెండు మూడు నాట్లలో పాకుతుంది, ఇంజన్ మీద కొండంత బరువు. చేపలు పట్టుకుని ఒడ్డుకు తిరిగేటప్పుడు అదే బోటు ఖాళీగా పరుగెత్తాలి, ఎందుకంటే ముందు వచ్చినవాడికే మంచి ధర. తిరుగు ప్రయాణానికి సరిపోయే ప్రొపెల్లర్ వేస్తే వల లాగేటప్పుడు నల్లపొగ. వలకు సరిపోయేది వేస్తే తిరుగు దారిలో ఇంజన్, ఆర్‌పీఎంకు హద్దు వేసే గవర్నర్ దగ్గర ఆగిపోతుంది, బోటేమో ఏడు నాట్లు కూడా దాటదు. ఏది వేయాలో తేలక సరంగుకూ ఓనర్‌కూ మా షెడ్డు ముందే వాదన జరిగేది. రెక్కల పిచ్ మార్చుకునే ప్రొపెల్లర్లు యూరప్ చేపల బోట్లలో ఎప్పటినుంచో ఉన్నాయి, మన దగ్గర ఆ ఖర్చు ఎవరు పెట్టగలరు? మీరు లేక్ లేనియర్‌లో పడుతున్న ఇబ్బందీ, ఆ సరంగు పడ్డ ఇబ్బందీ ఒకటే: రెండు వేర్వేరు పనులకు ఒక్క గేరు.

వెరాడో 600 గురించి ఇంకొంచెం చెప్పి మీ పడవ దగ్గరకు వస్తాను. అది 7.6 లీటర్ల వీ12, టర్బో లేదు, సూపర్‌చార్జర్ లేదు. బరువు 1260 పౌండ్లు, అంటే 570 కిలోలకు పైన. అవుట్‌బోర్డ్‌లో ఆటోమేటిక్ టూ-స్పీడ్ పెట్టడం అదే మొదలు. ఇంజన్ తల కదలకుండా నిలబడి ఉంటుంది, కింది గేర్‌కేస్ మాత్రమే తిరిగి పడవను మలుపుతుంది. దాన్ని రెండు, మూడు, నాలుగు వరుసగా పెట్టుకునేది 40 అడుగులు దాటిన పెద్ద పడవలు. అంత బరువును గట్టు ఎక్కించాలి, ఎక్కాక వందల మైళ్లు నిశ్శబ్దంగా పోవాలి. టూ-స్పీడ్ ఖర్చుకు న్యాయం జరిగేది అలాంటి చోటే. 23 అడుగుల పడవకు అది అక్కర్లేదని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

చిన్న ఇంజన్లలో కంపెనీలు గేరు మార్చుకునే సౌకర్యం బదులు గేరు ఎంచుకునే సౌకర్యం ఇస్తాయి. మెర్క్యురీ 115 ఫోర్‌స్ట్రోక్ మామూలుది 2.07 నిష్పత్తితో వస్తుంది, అదే ఇంజన్ కమాండ్ థ్రస్ట్ రకం 2.38తో, పెద్ద గేర్‌కేస్‌తో వస్తుంది. యమహా 60లో మామూలుది 1.85, హై థ్రస్ట్ 2.33. పాంటూన్ (తేలే గొట్టాల మీద డెక్ ఉండే పడవ) లాంటి బరువు పడవ కొనేవాళ్లు కొనేటప్పుడే ఆ రెండో రకం అడిగి తీసుకోవాలి. సుజుకీ వాళ్లయితే 115, 140 రెండింటికీ 2.59 ఇచ్చి పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పుతారు. నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్ ఎప్పుడూ మేలే, బరువు ఉన్నప్పుడు మరీను.

ఇప్పుడు మీ పడవ. తొమ్మిది మందితో ఫుల్ థ్రాటిల్‌లో 5200 వస్తోందంటే ఆ బరువుకు మీ పిచ్ ఎక్కువని అర్థం. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సాధారణంగా 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. 17 పిచ్ మూడు రెక్కలది వేస్తే బరువుతో 5550 దాకా వస్తుంది, కానీ మీరిద్దరే వెళ్లిన రోజు 6100 దాటి రెవ్ లిమిటర్ (ఇంజన్ హద్దు మీరి తిరగకుండా ఆపేది) దాకా పోవచ్చు. అందుకని 17 పిచ్‌లోనే నాలుగు రెక్కల స్టీల్‌ది చూడండి. నాలుగో రెక్క ఓ వంద ఆర్‌పీఎం తినేస్తుంది, బదులుగా గట్టు దగ్గర నీళ్లను గట్టిగా పట్టుకుంటుంది, వెనక భాగాన్ని కాస్త పైకి కూడా లేపుతుంది. బరువుతో 5450, ఇద్దరితో 6000 చుట్టుపక్కల రావాలి. మీ ఇంజన్ మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్ పరిధి ఎంత రాశారో చూసుకోండి. చాలా వాటికి పైహద్దు 6000, అలా అయితే ఇద్దరే ఉన్న రోజు చివరి కొసలో థ్రాటిల్ కొద్దిగా తగ్గించుకోవాలి. టాప్ స్పీడ్ మూడు నాలుగు మైళ్లు పోతుంది. మీ అవసరం పిల్లల్ని ట్యూబ్ మీద లాగడం, పెద్దవాళ్లను తిప్పడం కాబట్టి ఆ నాలుగు మైళ్లకు మీరు బాధపడరని నమ్ముతున్నాను. పాత 19ను పారేయకండి. ఇద్దరే దూరం వెళ్లే రోజు అది వేసుకోండి, ట్రైలర్ మీద ఉండగా మార్చడానికి పావుగంట పని. ఒక విధంగా మీ టూ-స్పీడ్ అదే.

రెక్కల మొదట్లో చిన్న చిన్న రంధ్రాలున్న ప్రొపెల్లర్లు కూడా దొరుకుతాయి. వాటి గుండా ఎగ్జాస్ట్ గాలి రెక్కల మీదికి వస్తుంది. బయల్దేరేటప్పుడు ఆ గాలి వల్ల ప్రొపెల్లర్ కాస్త వదులుగా తిరిగి ఇంజన్ ఆర్‌పీఎం ఎక్కుతుంది, ప్లేన్ అయ్యాక నీటి వేగానికి గాలి రెక్కల మీదికి రావడం ఆగిపోతుంది. ఒక రకంగా కదిలే భాగాలు లేని మొదటి గేరు. అయితే బరువు పడవల్లో ఇది ఎక్కువైతే పట్టు తప్పుతుంది, అందుకని రంధ్రాలకు ప్లగ్‌లు వేస్తూ తీస్తూ చూసుకోవాలి. ముందు నాలుగు రెక్కలది ప్రయత్నించి, అవసరమైతేనే దీని జోలికి వెళ్లండి.

ప్రొపెల్లర్ కొనేలోపు డబ్బు ఖర్చు లేని పనులు రెండున్నాయి. బయల్దేరేటప్పుడు ట్రిమ్ (ఇంజన్ వాలు) పూర్తిగా లోపలికి దించండి, ముక్కు దిగాకే మెల్లగా బయటికి తీయండి. బరువంతా వెనక సీట్లో పెట్టకండి. ఐస్ డబ్బా, యాంకర్, నీళ్ల సీసాలు ముందుకు తెచ్చుకోండి, ఇద్దరు పెద్దవాళ్లు మధ్యలో కూర్చోవాలి. ముందు సీట్లలో ఎవరున్నా పడవ లేచేటప్పుడు సీట్లోనే కూర్చుని కడ్డీ పట్టుకుని ఉండాలి, పిల్లలు అంచు మీద కూర్చోకూడదు. ట్రిమ్, బరువు ఇలా సర్దుకుంటే అమరం దగ్గర నూరు కిలోలు తగ్గించినంత తేడా కనిపిస్తుంది.

మీరు ఒక మాట రాయలేదు, నేనే రాస్తున్నాను. ముక్కు లేచిన ఆ పన్నెండు సెకన్లు మీకు ముందు ఏముందో కనిపించదు. వేసవి శనివారం లేక్ లేనియర్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. కయాక్‌లు, జెట్ స్కీలు, ట్యూబ్ మీంచి పడి నీళ్లలో తేలుతున్న పిల్లలు. ఆ వేగంలో పన్నెండు సెకన్లంటే దాదాపు రెండు వందల అడుగులు గుడ్డిగా పోయినట్టు. గట్టు తొందరగా దాటాలని నేను ఇంతగా చెప్పడానికి సరదా ఊపు ఒక్కటే కారణం కాదు. ప్రొపెల్లర్ మారేదాకా తొమ్మిది మంది ఉన్న రోజు ఎవరో ఒకరు నిలదొక్కుకుని మీ పక్కన ముందు చూస్తూ ఉండాలి. లేదంటే 6 మైళ్లలో నెమ్మదిగానే పోండి, సగం లేచిన స్థితిలో 10, 12 మైళ్లలో నడపకండి. అది పెట్రోల్‌కూ చేటే, చూపుకూ చేటే. 13 ఏళ్లలోపు పిల్లలు కదిలే పడవలో లైఫ్ జాకెట్ వేసుకోవడం జార్జియాలో చట్టం. అమ్మానాన్నలకు కూడా వేయండి.

కొత్త ప్రొపెల్లర్ వేశాక తొమ్మిది మందితో ఒకసారి, ఇద్దరితో ఒకసారి వెళ్లి మూడు అంకెలు రాసుకోండి. కదలడం మొదలైనప్పటి నుంచి ముక్కు దిగేదాకా పట్టిన సెకన్లు, 30 మైళ్ల దగ్గర ఆర్‌పీఎం, ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం. ట్యాంకులో పెట్రోల్ రెండుసార్లూ ఇంచుమించు ఒకేలా ఉండేలా చూసుకోండి, 50 గ్యాలన్లు అంటే మూడు వందల పౌండ్ల బరువు. ఆ అంకెలు ఇక్కడే పెట్టండి. బరువుతో 5300 కూడా దాటకపోతే పిచ్ ఇంకా తగ్గించాలా, లేక ఇంజన్‌ను ట్రాన్సమ్ (ఇంజన్ బిగించే పడవ వెనక గోడ) మీద ఒక రంధ్రం పైకి ఎత్తాలా అన్నది అప్పుడు చూద్దాం.